జేబు కెమెరాల్లో వెలుగు లెక్క: ఇక్సస్ 285, డబ్ల్యూఎక్స్ 220

విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ చిన్న డిజిటల్ కెమెరా కావాలని అడిగితే ముందు చెవిన పడేవి రెండు అంకెలు. ఒకటి మెగాపిక్సెళ్లు, రెండోది జూమ్. "ట్వంటీ మెగాపిక్సెల్ అండీ, ట్వెల్వ్ ఎక్స్ జూమ్" అనగానే సగం బేరం కుదిరిపోతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేవీ అవే. ఫొటో ఎలా వస్తుందో తేల్చే అంకెలు మాత్రం లెన్స్ చుట్టూ ఉన్న రింగు మీద, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనపడనంత సన్నగా ఉంటాయి.

కెనాన్ ఇక్సస్ 285 హెచ్ఎస్‌కు ఆ అంకెలు 3.6, 7.0. సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూఎక్స్ 220కి 3.3, 5.9. చూడ్డానికి ఇది పెద్ద తేడాగా అనిపించదు. కానీ పెళ్లి మండపంలో, సాయంత్రం దీపాల వేళ కృష్ణ ఒడ్డున, ట్యూబ్‌లైటు కింద ఇంటి హాల్లో ఈ రెండు కెమెరాల పనితనాన్ని విడదీసేది చాలావరకు ఈ అంకెలే.

కొన్నేళ్లుగా కాలేజీ పిల్లలు మళ్లీ చిన్న కెమెరాల వెంట పడుతున్నారు. బీరువాల్లో పట్టుచీరల మధ్య ఏళ్ల తరబడి పడి ఉన్నవి బయటికొస్తున్నాయి. ఈ గిరాకీ కంపెనీల దాకా వెళ్లింది. 2016 జనవరిలో ప్రకటించిన ఇక్సస్ 285నే కెనాన్ 2025లో దాదాపు అదే రూపంలో మళ్లీ విడుదల చేసింది. జపాన్‌లో ఇక్సీ, అమెరికాలో ఎల్ఫ్ అని పేర్లు మారతాయి గానీ లోపలి సరుకు ఒకటే. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మార్పు కార్డు విషయంలో ఉంది: పాతదాంట్లో మామూలు ఎస్‌డీ కార్డు పడుతుంది, కొత్తదానికి మైక్రో ఎస్‌డీ కావాలి. సోనీ డబ్ల్యూఎక్స్ 220 ఇంకో రెండేళ్లు పాతది, 2014 నాటిది. ఇప్పుడది కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. రెండూ ఒకే తరగతి కెమెరాలు, లెన్స్ వెనక వెలుతురును ఫొటోగా పట్టే చిప్, అంటే సెన్సర్, దాని సైజు కూడా ఒకటే. అందుకే వీటిని పక్కపక్కన పెడితే తేడా ఎక్కడి నుంచి వస్తుందో తేలిగ్గా బయటపడుతుంది.

చేతిలోకి తీసుకుంటే సోనీయే చిన్నది. 92 మి.మీ. పొడవు, 52 మి.మీ. ఎత్తు, 22 మి.మీ. మందం, బ్యాటరీ, కార్డు కలిపి దాదాపు 121 గ్రాములు. కెనాన్ పొడవు దాదాపు 100 మి.మీ., ఎత్తు 58, మందం 23; బరువు 147 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుంటే రెండూ బరువనిపించవు, ఇప్పటి చాలా ఫోన్ల కన్నా తేలికే. అయితే సోనీని అంత కుదించడంతో తెర 2.7 అంగుళాలకు తగ్గింది, వెనక బటన్లు మరీ చిన్నవయ్యాయి. కెనాన్ తెర 3 అంగుళాలు. ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో వాడే కెమెరా అయితే ఆ కాస్త తేడా కూడా లెక్కలోకి వస్తుంది. రెండింట్లోనూ కంటితో చూసే వ్యూఫైండర్ లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఏ తెరా సరిగా కనపడదు.

సెన్సర్ దగ్గర కాసేపు ఆగాలి. రెండింట్లోనూ ఉన్నది కందిపప్పు బద్దంత సెన్సర్: సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు, వైశాల్యం 28 చదరపు మి.మీ. చేరువలో. రెండూ వెనకవైపు నుంచి వెలుతురు అందుకునే రకం. పాత సెన్సర్లలో వెలుతురును పట్టే భాగానికి పైన తీగల వరుస అడ్డుండేది. వచ్చే కొద్ది వెలుతురులో కొంత ఆ తీగలకు తగిలి వృథా అయ్యేది. సెన్సర్‌ను తిరగేసినట్టు తయారుచేసి తీగలను కిందికి పంపడంతో ఆ నష్టం తగ్గింది. సోనీ ఈ పద్ధతిని ఎక్స్‌మోర్ ఆర్ పేరుతో 2009లో తన కెమెరాల్లోకి తెచ్చింది. చిన్న సెన్సర్ల కెమెరాలు రాత్రిపూట కాస్తయినా పనికొచ్చేలా మారడానికి ఇదో పెద్ద కారణం.

ఆ 28 చదరపు మి.మీ. జాగాలో కెనాన్ 20.2 మెగాపిక్సెళ్లు ఇరికించింది, సోనీ 18.2. అమ్మేచోట ఈ రెండు మెగాపిక్సెళ్లను పెద్ద గొప్పగా చెబుతారు. ఫొటో వెడల్పులో చూస్తే అది ఐదారు శాతం తేడా. ఎ4 కాగితం మీద శుభ్రమైన ప్రింటు రావడానికి తొమ్మిది మెగాపిక్సెళ్లు చాలు. ఇంట్లో గోడకు తగిలించే ఫొటోకైనా, ఆల్బమ్ పేజీకైనా రెండూ అవసరానికి మించే ఇస్తాయి. ఈ అంకెను చూసి ఒకటి వదిలి ఇంకోటి కొనాల్సిన పనే లేదు.

లెన్స్ సంగతి అలా కాదు. రింగు మీద ఉండే 3.6, 3.3 లాంటి అంకెల్ని ఎఫ్ నంబర్ అంటారు. లెన్స్ ఫోకల్ దూరాన్ని (దూరపు దృశ్యం స్పష్టంగా పడే చోటు లెన్స్‌కు ఎంత దూరమో ఆ కొలతను), వెలుతురు లోపలికొచ్చే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది అది. కాబట్టి ఎఫ్ నంబర్ పెరిగితే వెలుతురు తగ్గుతుంది, అదీ వర్గం లెక్కన తగ్గుతుంది. జూమ్ చేయకుండా చూస్తే కెనాన్ లెన్స్ అసలు ఫోకల్ దూరం 4.5 మి.మీ., అంటే రంధ్రం మి.మీ.న్నర కూడా లేదు, 1.25 మి.మీ. సోనీది దాదాపు 1.35 మి.మీ. వర్గాల లెక్క వేస్తే సెన్సర్ మీద పడే వెలుతురు సోనీలో 19 శాతం ఎక్కువ. జూమ్ చివరికి వెళ్తే కెనాన్ ఎఫ్/7, సోనీ ఎఫ్/5.9. అక్కడ సోనీకి 40 శాతం ఎక్కువ వెలుతురు దొరుకుతుంది.

అంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకోటుంది. రెండు కెమెరాల మధ్య తేడా అటుంచి, ఒకే కెమెరాలో జూమ్ బటన్ నొక్కగానే ఏమవుతుందో చూడాలి. కెనాన్‌లో ఎఫ్/3.6 నుంచి ఎఫ్/7కి వెళ్లేసరికి సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఓ ఫంక్షన్ హాల్లో జూమ్ లేకుండా ఐఎస్‌ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 దగ్గర 1/30 సెకను షట్టర్‌తో, అంటే అంతసేపు వెలుతురు పడనిస్తే, ఫొటో సరిపోతోందనుకోండి. అక్కడే నిలబడి పూర్తిగా జూమ్ చేస్తే అదే ఐఎస్‌ఓకు 1/8 సెకను కావాలి. చేతిలో పట్టుకుని, 300 మి.మీ. స్థాయి (పాత 35 మి.మీ. ఫిల్మ్ కెమెరాల లెక్కలో) జూమ్‌లో, 1/8 సెకను! లోపల షేక్ తగ్గించే ఏర్పాటున్నా అది చెయ్యి వణుకును ఆపగలదు తప్ప ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ఇక కెమెరా చేయగలిగింది ఐఎస్‌ఓ పెంచడమే. మళ్లీ 1/30కి రావాలంటే 3200 కావాలి. ఇక్సస్ 285లో ఐఎస్‌ఓ ఆఖరి మెట్టు కూడా సరిగ్గా 3200. అంటే ఇళ్లలో, హాళ్లలో ఆ 12 రెట్ల జూమ్‌ను పూర్తిగా వాడితే కెమెరా దగ్గర ఇక దాచుకున్నదేమీ మిగలదు. వచ్చే ఫొటోలో జుట్టు వెంట్రుకలు పెయింట్ పూసినట్టు కలిసిపోతాయి, చీర జరీ అంచు పసుపు మరకలా కనిపిస్తుంది.

సోనీ జూమ్ 10 రెట్లే, 250 మి.మీ. స్థాయి వరకు. ఇది లోటుగా కనిపిస్తుంది. దసరా చివరి రోజు కృష్ణలో జరిగే తెప్పోత్సవాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ లోటు ఎంతో లెక్క కట్టొచ్చు. దుర్గమ్మ, మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తులతో విద్యుద్దీపాల హంసవాహనం నదిలో తిరుగుతుంటుంది. జనం ఘాట్ల మీద, బ్యారేజీ మీద కిక్కిరిసి ఉంటారు. వాహనం 200 మీటర్ల దూరంలో ఉంటే కెనాన్ పూర్తి జూమ్‌లో ఫొటో నిండా పట్టే వెడల్పు 23 మీటర్లు. సోనీలో 28 మీటర్లు. సోనీ ఫొటోను ఇంటికొచ్చాక కత్తిరించి కెనాన్ అంత దగ్గరగా చేస్తే మిగిలేవి 12 మెగాపిక్సెళ్లకు పైనే. ఎ4 ప్రింటుకు కావాల్సిన దానికన్నా అదింకా ఎక్కువ.

కెనాన్ అదనపు జూమ్‌తో అదనపు వివరం వస్తుందా అంటే, అక్కడ ప్రకృతి నియమం ఒకటి అడ్డొస్తుంది. వెలుతురు సన్నటి రంధ్రంలోంచి వచ్చేటప్పుడు అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. దాంతో సెన్సర్ మీద ఒక చుక్క చుక్కలా పడదు, చిన్న వలయంలా పరుచుకుంటుంది. ఎఫ్/7 దగ్గర ఆ వలయం వ్యాసం దాదాపు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). ఇక్సస్‌లో ఒక్కో పిక్సెల్ 1.2 మైక్రాన్లు. ఒక్క చుక్క వెలుతురు ఎనిమిది పిక్సెళ్ల మేర పరుచుకుంటోందన్నమాట. ఆ స్థితిలో 20 మెగాపిక్సెళ్లు, 12 మెగాపిక్సెళ్లు పక్కపక్కన పెట్టి చూసినా కంటికి పెద్దగా తేడా తెలియదు. రాత్రి వేళ, కదిలే వాహనం మీద, 40 శాతం ఎక్కువ వెలుతురు పట్టే లెన్స్‌దే పైచేయి. తెప్పోత్సవానికి ఈ రెండింట్లో ఒకటే తీసుకెళ్లాలంటే సోనీయే తీసుకెళ్లాలి, జూమ్ తక్కువైనా సరే.

పగటి ఎండలో కథ పూర్తిగా మారిపోతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తీయాలనుకున్నప్పుడు వెలుతురుకు కొదవుండదు. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/7 దగ్గర 1/500 సెకను షట్టర్ దొరుకుతుంది. 300 మి.మీ. జూమ్‌ను చేత్తో పట్టుకోవడానికి అది చాలినంత. అక్కడ కెనాన్ 12 రెట్ల జూమ్ తన విలువ చూపిస్తుంది. ఫ్రేములో పిట్ట పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఫోకస్ కూడా కొమ్మల మీదికి జారకుండా దాని మీదే నిలుస్తుంది. ఉండవల్లి గుహల పై అంతస్తుల శిల్పాలను కింద నుంచి తీయాలన్నా అంతే. పగటిపూట తిరుగుళ్లకు, పిల్లల ఆటల పోటీలకు, గుళ్ల గోపురాలకు కెమెరా కావాలంటే ఇక్సస్‌కే ఓటు.

మన దగ్గర కుటుంబ ఫొటోల్లో ఎక్కువ భాగం ఎండలో తీసేవి కావు. పెళ్లి ముహూర్తాలు చాలావరకు రాత్రివేళే. పుట్టినరోజు కేకు కోసేది రాత్రి ఎనిమిదింటికి. అన్నప్రాశనలు, ఓణీల ఫంక్షన్లు కమ్యూనిటీ హాళ్లలో జరుగుతాయి. ఈ కెమెరాల అసలు పరీక్ష అక్కడే.

తలంబ్రాల ఘట్టం చూడండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పోటీపడి దోసిళ్లు ఎత్తుతారు, చుట్టూ బావామరదళ్ల కేకలు. అర మీటరు ఎత్తు నుంచి జారిన బియ్యపుగింజ తల మీద పడేసరికి సెకనుకు మూడు మీటర్ల వేగం అందుకుంటుంది. 1/30 సెకనులో అది పది సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఫొటోలో గింజలు కనపడవు, పసుపుతెలుపు గీతలు కనిపిస్తాయి. ఈ చిన్న కెమెరాల్లో ఉండే జినాన్ ఫ్లాష్ (జినాన్ వాయువు నింపిన గొట్టం) మెరిసి ఆరిపోవడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. అంత సేపట్లో గింజ మూడు మి.మీ. మించి కదలదు. అందుకే గాల్లో ఆగిపోయిన తలంబ్రాలు, వాటి కింద కళ్లు మూసుకుని నవ్వుతున్న పెళ్లికూతురు ముఖం స్పష్టంగా వస్తాయి. ఫోన్లలో సాధారణంగా ఉండేది ఎల్ఈడీ దీపం. అది వెలుగుతూ ఉంటుందే గానీ అంత బలంగా మెరవదు. ఫోన్ కెమెరాలు ఎంత ఎదిగినా ఈ ఒక్క పనిలో పాత చిన్న కెమెరాను దాటలేకపోవడానికి కారణం అదే. కాలేజీ పిల్లలు ఇష్టపడుతున్న ఆ పాత ఫొటోల తీరు, ముఖం మీద తెల్లటి వెలుగు, వెనకంతా చీకటి, ఈ ఫ్లాష్ చలవే.

దీనికీ హద్దుంది. ఇంత చిన్న ఫ్లాష్ నుంచి మూడు, నాలుగు మీటర్లకు మించి ఆశించకూడదు. అదీ జూమ్ చేయకుండా ఉన్నప్పుడు. ఐఎస్‌ఓ అదే ఉంచి కెనాన్‌లో పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ నంబర్ రెట్టింపయి, ఫ్లాష్ అందే దూరం సగానికి పడిపోతుంది. మండపంలో వెనక వరుస కుర్చీలోంచి జూమ్ చేసి ఫ్లాష్ కొట్టడం వల్ల ముందు వరుసలోని వాళ్ల తలలు మెరవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. నాలుగడుగులు ముందుకు నడిచి, జూమ్ ముట్టుకోకుండా తీసిన ఫొటో ఏ కెమెరాలోనైనా బాగుంటుంది. ఫ్లాష్ లెన్స్‌కు మరీ దగ్గరగా ఉండడంతో కళ్లు ఎర్రబడే బెడద రెండింట్లోనూ ఉంది. ఒకసారి మెరిశాక మళ్లీ సిద్ధం కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి తలంబ్రాల్లో సరైన క్షణం కోసం కాచుకోవాల్సిందే.

ఫ్లాష్ వద్దనుకున్న చోట సోనీకి ఇంకో ఆయుధం ఉంది. చీకటి దృశ్యం ఎదురైతే అది వరుసగా కొన్ని ఫొటోలు చకచకా తీసి, ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, కలిపి ఒకటిగా ఇస్తుంది. నాయిస్, అంటే చీకటి భాగాల్లో కనిపించే రంగురంగుల ఇసుక, ప్రతి ఫొటోలో వేర్వేరు చోట్ల పడుతుంది. దృశ్యం మాత్రం మారదు. కలిపినప్పుడు దృశ్యం నిలిచి, ఇసుక తగ్గుతుంది. నాలుగు ఫొటోలు కలిపితే నాయిస్ సగమవుతుంది. డబ్ల్యూఎక్స్ 220 స్పెసిఫికేషన్లో ఐఎస్‌ఓ 12800 అని కనిపించడానికి కారణం కూడా ఇదే. ఆ పైమెట్లు ఒక్క ఫొటోతో వచ్చేవి కావు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం ఘాట్, కార్తీక మాసంలో గుడి మెట్ల మీద దీపాల వరుస, కొండ మీద నుంచి రాత్రి బెజవాడ, ఇలాంటి కదలని దృశ్యాల్లో ఈ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. హారతి పళ్లెం తిప్పుతున్నప్పుడో, పిల్లలు మతాబులు పట్టుకుని పరుగెత్తుతున్నప్పుడో వాడితే కదిలిన భాగం సరిగా అతకదు. వరుస ఫొటోల వేగంలోనూ సోనీయే ముందుంది: సెకనుకు 10 వరకు తీయగలదు, అదీ చిన్న విడతగా. కెనాన్ పూర్తి సైజులో సెకనుకు రెండున్నర దగ్గర ఆగుతుంది.

ఫోన్ ఊసెత్తకుండా ఈ పోలిక పూర్తి కాదు. ఇప్పటి మధ్యస్థాయి ఫోన్లలో కూడా ప్రధాన కెమెరా సెన్సర్ ఈ రెండింటి సెన్సర్ కన్నా పెద్దదే ఉంటోంది. ఫొటోలు కలిపే తెలివిలో ఫోన్ ఎంతో ముందుంది. రాత్రిపూట ఫ్లాష్ లేకుండా, జూమ్ లేకుండా తీయాలంటే ఫోనే మేలు. నిజమైన ఆప్టికల్ జూమ్, జినాన్ ఫ్లాష్, పిల్లల చేతికి టెన్షన్ లేకుండా ఇవ్వగలగడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కావాలనుకుంటేనే ఈ కెమెరాల మీద డబ్బు పెట్టాలి.

ఇక ఎరుపు. ఇది గుంటూరువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. సీజన్‌లో మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) విప్పి పోసిన తేజ రకం కాయల రాశిని ఎండలో ఫొటో తీస్తే చాలాసార్లు కాయకూ కాయకూ తేడా లేని ఎర్రటి ముద్ద వస్తుంది. సెన్సర్ మీద పిక్సెళ్లలో సగం ఆకుపచ్చను, పావువంతు ఎరుపును, పావువంతు నీలాన్ని చూస్తాయి. కెమెరా మొత్తం దృశ్యం సగటు వెలుగును బట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలో, నిర్ణయిస్తుంది. ఎర్రటి రాశిలో ఆకుపచ్చ, నీలం తక్కువ కాబట్టి దానికి దృశ్యం చీకటిగా అనిపిస్తుంది, వెలుగు పెంచుతుంది. అప్పుడు ఎరుపు పిక్సెళ్లు నిండి పొంగిపోతాయి. నిండిపోయిన చోట కాయ మీది మెరుపు, ముడత, తొడిమ దగ్గరి నీడ అన్నీ పోతాయి. కుంకుమపూజ పళ్లేనికీ, ఎర్ర పట్టుచీరకూ ఇదే జరుగుతుంది. విరుగుడు చాలా తేలిక: రెండు కెమెరాల్లోనూ ప్రోగ్రామ్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ సర్దుబాటు ఉంది. దాన్ని ఒకటో రెండో మెట్లు మైనస్ వైపు జరిపితే కాయలు విడివిడిగా కనిపిస్తాయి. రెండింట్లోనూ రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) తీసే వీల్లేదు, కెమెరా తేల్చిన జేపెగ్ మాత్రమే దొరుకుతుంది. తీశాక కంప్యూటర్‌లో పోయిన ఎరుపును తిరిగి రప్పించడం కుదరదు కాబట్టి తీసేటప్పుడే జాగ్రత్తపడాలి.

యార్డులోనే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ రెండు కెమెరాల లెన్సూ స్విచ్ వేయగానే గొట్టాల్లా ఒకదాన్లోంచి ఒకటి బయటికొస్తుంది. గొట్టాల మధ్య సందుల్లోకి కారపు ధూళి, ఇసుక చేరితే లోపలి పళ్లచక్రాలు బిగుసుకుని లెన్స్ సగంలో ఆగిపోతుంది, తెర మీద లెన్స్ ఎర్రర్ కనిపిస్తుంది. చిన్న కెమెరాలను మూలన పడేసే జబ్బుల్లో ఇది ముఖ్యమైంది, దీన్ని బాగుచేసే ఖర్చు తరచూ కెమెరా విలువను మించిపోతుంది. లెన్స్ బయటికి రాకుండా, లోపలే గాజు పట్టకంతో వెలుతురును మలుపు తిప్పే పద్ధతి కూడా ఉంది. సోనీ టీ సిరీస్ కెమెరాలు ఆ రకమే. ఈ రెండింటికీ ఆ రక్షణ లేదు. యార్డులో గానీ, సూర్యలంక బీచ్‌లో గానీ లెన్స్ బయట పెట్టుకుని తిరగకుండా ఫొటో తీయగానే ఆఫ్ చేయడం, జేబులో దుమ్ము లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

ఎండ కూడా తక్కువ శత్రువేం కాదు. ఇలాంటి కెమెరాలకు కంపెనీలు చెప్పే పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే. మే నెలలో విజయవాడ ఆ గీత దాటడం మామూలే. వేడెక్కిన సెన్సర్‌లో నాయిస్ పెరుగుతుంది, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన కెమెరాలో బ్యాటరీ ఉబ్బుతుంది. ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టడం కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లకు అలవాటైన తంతు. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. పది నిమిషాలు సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు చేస్తే అదే పోతుంది.

వీడియో విషయంలో కెనాన్ సులువు. 1920×1080 సైజులో నేరుగా ఎంపీ4 ఫైల్ ఇస్తుంది, కార్డు రీడర్ పెట్టి ఫోన్‌లో వేసుకుని వాట్సాప్‌లో పంపించేయొచ్చు. సోనీలో పూర్తి సైజు వీడియో ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో ఉంటుంది. చాలా ఫోన్లు ఆ ఫైళ్లను తిన్నగా తెరవవు, కంప్యూటర్‌లో మార్చుకోవాలి. ఎంపీ4 పెట్టుకుంటే సైజు 1440×1080కి తగ్గుతుంది. బ్యాటరీలో సోనీకి మొగ్గు: ఒక చార్జింగ్‌కు దాదాపు 210 ఫొటోలు, కెనాన్‌కు 180. పైగా సోనీని పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ తీగతోనే చార్జ్ చేయొచ్చు. కెనాన్ బ్యాటరీని బయటికి తీసి దాని చార్జర్‌లోనే పెట్టాలి. ఏ రాత్రి రెండింటి ముహూర్తానికో వెళ్లేటప్పుడు ఏ కెమెరాకైనా ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.

ధర సంగతికొస్తే, 2025 ఇక్సస్ అమెరికాలో దాదాపు 380 డాలర్లకు వచ్చింది. పాత సెన్సర్, పాత లెన్స్ మీద ఇది చాలా ఎక్కువ. కొత్త బ్యాటరీ, వారంటీ, ఎవరూ వాడని లెన్స్ కోసం పెట్టే డబ్బు అది. సెకండ్ హ్యాండ్ వైపు వెళ్లడానికి సిద్ధపడితే 2012 నాటి సోనీ ఆర్ఎక్స్ 100ను కూడా చూడటం మేలు. దాని సెన్సర్ వైశాల్యం ఈ రెండింటి కన్నా నాలుగు రెట్లు, లెన్స్ ఎఫ్/1.8 నుంచి మొదలవుతుంది. జూమ్ చేయకుండా అది పట్టే మొత్తం వెలుతురు ఇక్సస్‌కు దాదాపు పదహారు రెట్లు. అయితే 240 గ్రాముల బరువు, 36 మి.మీ. మందం చొక్కా జేబుకు ఎక్కువ, జూమ్ 100 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది.

డబ్ల్యూఎక్స్ 220 గానీ, పాత ఇక్సస్ గానీ చేతులు మారినది కొంటుంటే దుకాణంలోనే కొన్ని చూసుకోవాలి. స్విచ్ వేసి జూమ్‌ను చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తేవాలి, అలా నాలుగైదు సార్లు. గరగరమనే చప్పుడు వినిపించినా, మధ్యలో తడబడినా వద్దనడమే మంచిది. తెల్లగోడను, ఆకాశాన్ని జూమ్ లేకుండానూ, పూర్తి జూమ్‌లోనూ తీసి చూస్తే లోపల దుమ్ము ఉంటే బూడిదరంగు మచ్చలుగా బయటపడుతుంది. ఫ్లాష్ వరుసగా మూడుసార్లు కొట్టించాలి. బ్యాటరీ తీసి బల్ల మీద పెడితే ఊగకూడదు, ఊగిందంటే ఉబ్బిందన్నమాట. బ్యాటరీ గది మూత గడియ వేలితో తడిమి చూడాలి, అది విరిగిన కెమెరాలు మార్కెట్లో చాలానే ఉన్నాయి. కెనాన్ అయితే చార్జర్ కూడా అడిగి తీసుకోవాలి. కార్డు, కార్డు రీడర్ వెంట తీసుకెళ్తే తీసిన ఫొటోలను అక్కడే ఫోన్ తెర మీద పెద్దవి చేసి నాలుగు మూలలూ చూడొచ్చు. ఒక మూల మసకగా, మిగతా మూడు స్పష్టంగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడిందని అర్థం.